జనరల్ ఒలివర్ ఓటిస్ హోవార్డ్ (1830-1909): యుద్ధం, విముక్తి, భూమి

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరవాత మీరు:

- అమెరికా అంతర్యుద్ధంలో జనరల్ హోవార్డ్ నిర్వహించిన పాత్రను వివరించగలుగుతారు.
- ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో ఏర్పాటు, పనితీరు, పరిమితులను చర్చించగలుగుతారు.
- విముక్తులకు ఇచ్చిన భూమిని తిరిగి తీసుకోవడానికి గల కారణాలను విశ్లేషించగలుగుతారు.
- ఒక చారిత్రక వ్యక్తిని అంచనా వేసేటప్పుడు ఉద్దేశాన్ని, ఫలితాన్ని వేరువేరుగా పరిశీలించగలుగుతారు.

1.1 ఉపోద్ఘాతం

అమెరికా అంతర్యుద్ధానికి (1861-65) దారితీసిన కారణాలను, అందులోని ప్రధాన ఘట్టాలను మీరు గత పాఠ్యభాగంలో తెలుసుకున్నారు. ఆ యుద్ధ ఫలితంగా దక్షిణాది రాష్ట్రాలలో సుమారు 40 లక్షల మంది నల్లజాతి ప్రజలు బానిసత్వం నుంచి బయటపడ్డారు. వీరిని ఈ పాఠ్యభాగంలో 'విముక్తులు' అని పిలుస్తాం. అయితే బయటపడిన మరునాటి నుంచే వారికి కొత్త ప్రశ్నలు ఎదురయ్యాయి. ఎక్కడ ఉండాలి? ఏం తినాలి? ఎవరి పొలంలో, ఏ షరతుల మీద పనిచేయాలి? పిల్లలను ఎక్కడ చదివించాలి? ఈ ప్రశ్నలకు సమాధానం వెతికే బాధ్యతను అమెరికా ప్రభుత్వం 34 ఏళ్ల ఒక సైనికాధికారికి అప్పగించింది. ఆయనే మేజర్ జనరల్ ఒలివర్ ఓటిస్ హోవార్డ్.

హోవార్డ్ యుద్ధంలో కుడిచేయి పోగొట్టుకున్నాడు. అమెరికా సైనికులకు ఇచ్చే అత్యున్నత పురస్కారం మెడల్ ఆఫ్ ఆనర్ అందుకున్నాడు. ఆయన పేరు మీద వాషింగ్టన్ నగరంలో ఒక విశ్వవిద్యాలయం ఉంది. ఇంతటి గౌరవం పొందిన ఈ మనిషే, తాను రక్షించవలసిన విముక్తుల చేతిలోని భూమిని వెనక్కి తీసుకుంటున్నామని వారి ముఖం మీద చెప్పవలసి వచ్చింది. అది అన్యాయమని ఆయనకు తెలుసు. తెలిసి కూడా ఆజ్ఞను అమలు చేశాడు. పన్నెండేళ్ల తరవాత మరొక ప్రజల విషయంలో దాదాపు ఇదే మళ్లీ జరిగింది. హోవార్డ్ జీవితాన్ని మనం చదవవలసింది ముఖ్యంగా ఇందుకే. ప్రభుత్వంలో ఒక మంచి మనిషి ఉన్నంత మాత్రాన బలహీనుల హక్కు నిలుస్తుందా అన్నది ఈ పాఠ్యభాగంలోని కేంద్ర ప్రశ్న.

1.2 బాల్యం, విద్య

హోవార్డ్ 1830 నవంబరు 8న మెయిన్ రాష్ట్రంలోని లీడ్స్ అనే గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. ఆయనకు తొమ్మిదేళ్ల వయసులో తండ్రి చనిపోయాడు. 1850లో బౌడిన్ కళాశాలలో పట్టభద్రుడై, ఆ వెంటనే వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో చేరాడు. 1854లో తన తరగతిలో నాలుగో స్థానంలో ఉత్తీర్ణుడయ్యాడు. 1857లో ఫ్లోరిడాలో పనిచేస్తున్నప్పుడు ఆయనకు మతం మీద గాఢమైన విశ్వాసం ఏర్పడింది. ఆ తరవాత వెస్ట్ పాయింట్‌లో గణితం బోధిస్తూ, సైన్యాన్ని వదిలి మతబోధకుడిగా మారాలని కూడా ఆలోచించాడు. ఇంతలో యుద్ధం వచ్చింది.

తరవాతి కాలంలో ఆయనను 'క్రైస్తవ జనరల్' అని పిలిచేవారు. కొందరు గౌరవంతో, కొందరు ఎగతాళిగా ఈ మాట వాడారు. మద్యం ముట్టకపోవడం, సైనికులకు మతబోధ చేయడం తోటి అధికారులలో కొందరికి నచ్చేవి కావు. అయితే పేదలకు, విముక్తులకు సహాయం చేయడం తన ధర్మమనే భావన ఆయనలో బలపడడానికి ఈ విశ్వాసమే పునాది.

1.3 అంతర్యుద్ధంలో హోవార్డ్

1.3.1 కుడిచేయి కోల్పోవడం

1861లో హోవార్డ్ మూడో మెయిన్ పదాతి దళానికి కల్నల్ అయ్యాడు. జులైలో జరిగిన మొదటి బుల్ రన్ యుద్ధంలో ఒక బ్రిగేడ్‌కు నాయకత్వం వహించాడు. ఆ యుద్ధంలో ఉత్తరాది సైన్యం ఓడిపోయినా, సెప్టెంబరులో ఆయనకు బ్రిగేడియర్ జనరల్ హోదా లభించింది.

1862 జూన్ 1న వర్జీనియాలోని ఫెయిర్ ఓక్స్ వద్ద 61వ న్యూయార్క్ దళాన్ని ముందుండి నడిపిస్తున్నప్పుడు ఆయన కుడిచేతికి రెండుసార్లు తూటాలు తగిలాయి. వైద్యులు ఆ చేతిని తొలగించారు. అంతకు ముందు మెక్సికో యుద్ధంలో ఎడమచేయి పోగొట్టుకున్న జనరల్ ఫిలిప్ కియర్నీ ఆయనను చూడడానికి వచ్చినప్పుడు, ఇకమీదట చేతితొడుగులు ఇద్దరూ కలిసి ఒకే జత కొనుక్కోవచ్చని హోవార్డ్ హాస్యమాడాడట. మూడు నెలలు తిరగక ముందే ఆయన తిరిగి విధులలో చేరాడు. సెప్టెంబరులో జరిగిన ఆంటీటమ్ యుద్ధంలో తన పై అధికారి గాయపడడంతో డివిజన్ బాధ్యత చేపట్టాడు. ఫెయిర్ ఓక్స్‌లో చూపిన సాహసానికి మెడల్ ఆఫ్ ఆనర్ ఆయనకు 31 ఏళ్ల తరవాత, 1893లో లభించింది.

1.3.2 ఛాన్సలర్స్‌విల్, గెటిస్‌బర్గ్

1863 ఏప్రిల్‌లో హోవార్డ్ పదకొండో కోర్‌కు సేనాధిపతి అయ్యాడు. ఈ కోర్‌లో జర్మనీ నుంచి వలస వచ్చినవారు పెద్ద సంఖ్యలో ఉండేవారు. వారు అభిమానించే జనరల్ ఫ్రాంజ్ సీగెల్ స్థానంలో హోవార్డ్ రావడం వారికి నచ్చలేదు. నెల తిరిగిందో లేదో, మే 2న ఛాన్సలర్స్‌విల్ వద్ద పరీక్ష ఎదురైంది. కుడిపక్క నుంచి శత్రువు రావచ్చని ఆ ఉదయం ప్రధాన సేనాపతి హుకర్ హెచ్చరిక పంపాడు. హోవార్డ్ తగిన ఏర్పాట్లు చేయలేదు. సాయంత్రం సైనికులు వంటలు చేసుకుంటున్న వేళ, స్టోన్‌వాల్ జాక్సన్ సేనలు అడవిలోంచి విరుచుకుపడ్డాయి. పదకొండో కోర్ చెల్లాచెదురైంది. పత్రికలు నిందను జర్మన్ సైనికుల మీదకు నెట్టాయి. కాని ప్రధాన బాధ్యత సేనాధిపతిదే.

రెండు నెలల తరవాత, జులై 1న గెటిస్‌బర్గ్‌లో యుద్ధం మొదలైన కొద్ది గంటలకే జనరల్ రేనాల్డ్స్ మరణించాడు. యుద్ధరంగంలో మిగిలినవారిలో సీనియర్ అధికారిగా హోవార్డ్ బాధ్యత తీసుకున్నాడు. ఆ మధ్యాహ్నం కూడా ఆయన సేనలు ఊరి ఉత్తరాన ఓడి వెనక్కి తగ్గాయి. అయితే ముందుచూపుతో ఆయన ఒక డివిజన్‌ను ఊరి దక్షిణాన ఉన్న సెమిటరీ హిల్ అనే గుట్ట మీద నిలిపి ఉంచాడు. వెనక్కి వచ్చిన సేనలు ఆ గుట్ట మీదే మళ్లీ కూడుకున్నాయి. తరవాతి రెండు రోజులు ఉత్తరాది రక్షణకు ఆ గుట్ట ఇరుసుగా పనిచేసింది. 1864 జనవరిలో అమెరికా కాంగ్రెస్ చేసిన కృతజ్ఞతా తీర్మానంలో హోవార్డ్ పేరు చేర్చారు.

1.3.3 పశ్చిమ రంగం

1863 శరదృతువులో ఆయన సేనను రైళ్లలో టెన్నెసీకి తరలించారు. అక్కడి నుంచి హోవార్డ్ జనరల్ షెర్మన్ నాయకత్వంలో పనిచేశాడు. 1864 మే 27న పికెట్స్ మిల్ వద్ద ఆయన జరిపించిన దాడి విఫలమై సుమారు 1,600 మంది నష్టం కలిగింది. జులై 22న ఆర్మీ ఆఫ్ ది టెన్నెసీ సేనాపతి మెక్‌ఫర్సన్ మరణించడంతో షెర్మన్ ఆ స్థానానికి హోవార్డ్‌ను ఎంచుకున్నాడు. ఆ పదవి తనకు రావాలనుకున్న హుకర్ అలిగి తన పదవినుంచి తప్పుకున్నాడు. కొత్త బాధ్యత తీసుకున్న మరునాడే, జులై 28న ఎజ్రా చర్చి వద్ద హోవార్డ్ సేనలు శత్రువు దాడులను తిప్పికొట్టాయి. అక్కడ కాన్ఫెడరేట్లకు సుమారు 3,000 మంది, ఉత్తరాది సేనకు 700 లోపు మంది నష్టపోయారు. నవంబరు 15న అట్లాంటా నుంచి సముద్రతీరానికి బయలుదేరిన షెర్మన్ సైన్యంలో కుడి విభాగానికి హోవార్డే నాయకుడు. డిసెంబరు 21న సవన్నా నగరం వారి స్వాధీనమైంది.

సైనికుడిగా హోవార్డ్‌ను ఎలా అంచనా వేయాలి? ఆయన మెరుపులాంటి వ్యూహకర్త కాడు. కాని ధైర్యవంతుడు, నమ్మకస్థుడు, చెప్పిన పనిని చెప్పినట్టు చేసేవాడు. షెర్మన్ ఆయనను ఎంచుకోవడానికి కారణం ఈ గుణమే. తరవాతి కాలంలో ఆయనను చిక్కులో పడేసింది కూడా ఈ గుణమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
అ) ఛాన్సలర్స్‌విల్‌లో పదకొండో కోర్ ఓటమికి కారణమేమిటి?
ఆ) గెటిస్‌బర్గ్‌లో సెమిటరీ హిల్‌కు గల ప్రాధాన్యం ఏమిటి?

1.4 ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో

1.4.1 '40 ఎకరాల' ఆశ

షెర్మన్ సైన్యం జార్జియా గుండా నడిచినప్పుడు వేలాది మంది బానిసలు ప్లాంటేషన్లు వదిలి సైన్యం వెంట వచ్చారు. 1865 జనవరి 12న సవన్నాలో షెర్మన్, యుద్ధ మంత్రి స్టాంటన్ కలిసి 20 మంది నల్లజాతి మతపెద్దలతో సమావేశమయ్యారు. వారి తరఫున గారిసన్ ఫ్రేజియర్ మాట్లాడాడు. తమకు భూమి కావాలని, దాన్ని తమ శ్రమతో దున్నుకుని బతకడమే తమను తాము పోషించుకునే మార్గమని ఆయన స్పష్టం చేశాడు.

నాలుగు రోజుల తరవాత షెర్మన్ 15వ నంబరు ప్రత్యేక ఉత్తర్వు జారీ చేశాడు. దక్షిణ కరోలినాలోని చార్లెస్టన్ నుంచి ఫ్లోరిడాలోని సెయింట్ జాన్స్ నది వరకు తీరదీవులను, తీరం వెంట 30 మైళ్ల లోతు వరకు భూమిని విముక్తులకు కేటాయించాడు. కుటుంబానికి గరిష్ఠంగా 40 ఎకరాలు. కొద్ది నెలల్లోనే సుమారు 40,000 మంది దాదాపు 4 లక్షల ఎకరాలలో స్థిరపడ్డారు.

ఇక్కడ ఒక విషయాన్ని మీరు గమనించాలి. షెర్మన్ ఇచ్చినది యుద్ధకాలపు స్వాధీన పత్రం మాత్రమే. అది పూర్తి యాజమాన్య పట్టా కాదు. పూర్తి హక్కు ఇవ్వవలసింది కాంగ్రెస్.

1865 మార్చి 3న కాంగ్రెస్ ఒక చట్టం ద్వారా విముక్తులు, కాందిశీకులు, వదిలివేసిన భూముల వ్యవహారాలు చూసే ఒక సంస్థను ఏర్పాటు చేసింది. ఇదే ఫ్రీడ్‌మెన్స్ బ్యూరోగా ప్రసిద్ధి చెందింది. ఈ చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం వదిలివేసిన లేదా జప్తు చేసిన భూమిని 40 ఎకరాల చొప్పున మూడేళ్ల పాటు కౌలుకు ఇవ్వవచ్చు. ఆ తరవాత ప్రభుత్వానికి ఎంత హక్కు ఉంటే అంత హక్కును సాగుదారు కొనుక్కోవచ్చు. అయితే సంస్థకు ఆ చట్టంలో ప్రత్యేక నిధులు కేటాయించలేదు. ఏప్రిల్‌లో లింకన్ హత్యకు గురయ్యాడు. ఆండ్రూ జాన్సన్ అధ్యక్షుడయ్యాడు. మే 12న హోవార్డ్ బ్యూరో కమిషనర్‌గా నియమితుడయ్యాడు.

1.4.2 ఇచ్చిన ఉత్తర్వు, తీసుకున్న ఉత్తర్వు

1865 మే 29న జాన్సన్ క్షమాభిక్ష ప్రకటన వెలువరించాడు. విధేయతా ప్రమాణం చేసిన దక్షిణాది వారికి బానిసలు తప్ప మిగిలిన ఆస్తి తిరిగి లభిస్తుందని అందులో ఉంది. సంపన్న భూస్వాములు విడిగా దరఖాస్తు చేసుకోవాలి. కాని వారికి కూడా క్షమాపణలు ధారాళంగా లభించాయి. క్షమాపణ పత్రం చేత పట్టుకుని భూస్వాములు తమ పొలాలు తిరిగి ఇమ్మని వచ్చారు.

ఈ దశలో హోవార్డ్ ఎదురు నిలిచే ప్రయత్నం చేశాడు. జులై 28న 13వ నంబరు సర్క్యులర్ జారీ చేస్తూ, బ్యూరో ఆధీనంలోని భూములను చట్టప్రకారం విముక్తుల కోసం కేటాయించాలని, అధ్యక్షుని క్షమాపణ ఆ భూములకు వర్తించదని ఆదేశించాడు. అప్పటికి బ్యూరో చేతిలో సుమారు 8,50,000 ఎకరాలు ఉన్నాయి. జాన్సన్ ఈ సర్క్యులర్‌ను రద్దు చేయించాడు. దాని స్థానంలో సెప్టెంబరు 12న 15వ నంబరు సర్క్యులర్ వచ్చింది. క్షమాపణ పొందిన యజమానులకు భూమి తిరిగి ఇవ్వాలన్నది దాని సారాంశం. దాని కింద కూడా హోవార్డ్ పేరే ఉంది.

అంతటితో ఆగకుండా, భూమి వెనక్కి ఇచ్చే విషయంలో ఇరుపక్షాలకు సమ్మతమైన ఏర్పాటు చేయమని జాన్సన్ హోవార్డ్‌ను స్వయంగా తీరదీవులకు పంపాడు. 1865 అక్టోబరు 19న దక్షిణ కరోలినాలోని ఎడిస్టో దీవిలో ఒక చర్చిలో విముక్తుల సభ జరిగింది. చర్చి కిటకిటలాడింది. సంగతి అర్థమైన వెంటనే సభలో అలజడి రేగింది. మాట్లాడడానికి వీలు కాలేదు. ఒక స్త్రీ విషాదభరితమైన భక్తిగీతం అందుకుంది. సభ అంతా గొంతు కలిపింది. ఆ తరవాతే హోవార్డ్ మాట్లాడగలిగాడు. పాత యజమానులను క్షమించమని, వారితో పని ఒప్పందాలు చేసుకోమని కోరాడు. ప్రభుత్వానికి ఎప్పుడూ విధేయంగా ఉన్న తమ నుంచి తీసుకుని, శత్రువులకు భూమి ఎందుకు ఇస్తున్నారని పై అంతస్తు నుంచి ఒక వ్యక్తి నిలదీశాడు. ఈ సంఘటనను హోవార్డే తన ఆత్మకథలో నమోదు చేశాడు.

సభ తరవాత విముక్తుల ప్రతినిధులు హెన్రీ బ్రామ్, ఇష్మాయిల్ మౌల్ట్రీ, యేట్స్ శాంప్సన్ హోవార్డ్‌కు ఒక లేఖ, అధ్యక్షునికి ఒక విజ్ఞప్తి పంపారు. వారు ఉచితంగా భూమి అడగలేదన్నది గమనించండి. కొనుక్కునే హక్కు అడిగారు. తరతరాలుగా ఆ నేలను సాగులోకి తెచ్చింది తామేనని గుర్తు చేశారు. సొంత నేల లేకపోతే పాత యజమాని దయ మీదే బతకాలని, అటువంటి స్థితిని స్వేచ్ఛ అనలేమని వాదించారు. క్షమించమన్న మాటకు కూడా జవాబిచ్చారు. తనను చెట్టుకు కట్టి కొరడాతో కొట్టి, తల్లిని, చెల్లిని హింసించి, ఇప్పుడు భూమి కూడా దక్కకుండా చేస్తున్న మనిషిని క్షమించడం సాధ్యం కాదని రాశారు. విముక్తుల ఆలోచనను వారి మాటల్లోనే తెలిపే అరుదైన ఆధారాలలో ఈ లేఖ ముఖ్యమైనది.

ఆ ప్రాంతపు బ్యూరో అధికారి జనరల్ రూఫస్ శాక్స్‌టన్ భూములు తిరిగి ఇవ్వడానికి సహకరించలేదు. 1866 జనవరిలో ఆయనను పదవి నుంచి తొలగించారు. ఫిబ్రవరిలో కాంగ్రెస్ చేసిన కొత్త బ్యూరో బిల్లు షెర్మన్ పత్రాలను మూడేళ్ల పాటు నిలిపేది. జాన్సన్ దాన్ని వీటో చేశాడు. జులైలో వీటోను అధిగమించి చట్టం వచ్చింది కాని, అందులో షెర్మన్ భూములు యజమానులకే వెళ్లాయి. పత్రాలు ఉన్న విముక్తులకు ప్రభుత్వం చేతిలో మిగిలిన వేరే భూముల్లో 20 ఎకరాల చొప్పున తీసుకునే అవకాశం మాత్రం మిగిలింది.

1.4.3 ఒక పోలిక: ఎడిస్టో, సెయింట్ హెలీనా

ఎడిస్టోకు నైరుతి దిశలో, అదే తీరంలో సెయింట్ హెలీనా అనే మరో దీవి ఉంది. అక్కడి మనుషులు, పంటలు, బానిసత్వపు చరిత్ర అన్నీ దాదాపు ఒకటే. కాని సెయింట్ హెలీనాలో అనేక నల్లజాతి కుటుంబాల చేతిలో భూమి నిలిచింది. కారణం ఏమిటి?

1862లో కాంగ్రెస్ చేసిన ఒక పన్ను చట్టం ప్రకారం, పారిపోయిన యజమానులు పన్ను చెల్లించని భూములను ప్రభుత్వం స్వాధీనం చేసుకుని అమ్మింది. ఆ అమ్మకాల్లో విముక్తులు కొందరు భూమి కొన్నారు. వారి చేతికి వచ్చింది పన్ను విక్రయం కింద జారీ అయిన యాజమాన్య పత్రం. అధ్యక్షుని క్షమాపణ దాన్ని కదిలించలేకపోయింది. కాన్ఫెడరేట్ నౌకను ఉత్తరాది వారికి అప్పగించి ప్రసిద్ధుడైన రాబర్ట్ స్మాల్స్, బ్యూఫర్ట్ పట్టణంలోని తన మాజీ యజమాని ఇంటిని ఇలాగే కొన్నాడు. పాత హక్కుదారు తరఫువారు దావా వేశారు. సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఆ వ్యాజ్యంలో స్మాల్స్ హక్కే నెగ్గింది.

ఈ పోలిక మనకు ఒక ముఖ్యమైన పాఠం చెబుతుంది. సెయింట్ హెలీనా వారికి హోవార్డ్ కంటే మంచి అధికారి దొరకలేదు. వారికి దొరికింది బలమైన కాగితం. ఎడిస్టో వారికి సానుభూతి గల జనరల్ ఉన్నాడు, పట్టా లేదు. ఒక ఉత్తర్వుతో వచ్చిన భూమి మరో ఉత్తర్వుతో పోయింది.

భూమి దక్కని విముక్తులు పాత ప్లాంటేషన్లలోనే పాలు సేద్యానికి దిగారు. నేల యజమానిది, శ్రమ సాగుదారుది. పంటలో వాటా యజమానికి పోగా, మిగిలిన దాంట్లో విత్తనాలకు, తిండికి చేసిన అప్పు తీర్చాలి. అప్పు తీరక మరుసటి ఏడు కూడా అదే పొలంలో పనిచేయాలి. ఈ పద్ధతి దక్షిణాదిలో తరాల పాటు కొనసాగింది.

1.4.4 ఆహారం, బడులు

బ్యూరో పూర్తిగా విఫలమైందని చెప్పడం సరికాదు. 1865-69 మధ్య అది సుమారు 2 కోట్ల 10 లక్షల రేషన్లు పంచింది. అందులో నల్లవారితో పాటు పేద తెల్లవారికీ భాగం లభించింది. ఆసుపత్రులు నడిపింది. కూలి ఒప్పందాలను పర్యవేక్షించింది. దక్షిణాది మొత్తానికి ఒకేసారి 900 మందికి మించని సిబ్బందితో ఈ పని జరిగిందన్నది మరచిపోరాదు.

అన్నిటికంటే నిలిచిన ఫలితం విద్య. 1870 నాటికి బ్యూరో సహాయం పొందిన పాఠశాలలు 4,000 దాటాయి. వాటిలో సుమారు రెండున్నర లక్షల మంది చదువుకున్నారు. ఈ బడుల వెనక మతసంస్థల విరాళాలు, విముక్తులు తమ కూలి డబ్బు నుంచి ఇచ్చిన చందాలు కూడా ఉన్నాయి. బడి నడపడం ప్రమాదంతో కూడిన పని. 1866 మే నెలలో మెంఫిస్ నగరంలో జరిగిన హింసాకాండలో 46 మంది నల్లవారిని చంపారు. నల్లవారి చర్చిలతో పాటు బడులను కూడా తగలబెట్టారు.

1867 మార్చి 2న వాషింగ్టన్‌లో హోవార్డ్ విశ్వవిద్యాలయానికి చట్టబద్ధత లభించింది. 1869 నుంచి 1874 వరకు హోవార్డ్ దానికి అధ్యక్షుడిగా ఉన్నాడు. పాఠశాలల్లో జాతి విభజనను రద్దు చేసిన 1954 నాటి తీర్పు వెనక వాదించిన న్యాయవాది థర్గుడ్ మార్షల్, అమెరికా మాజీ ఉపాధ్యక్షురాలు కమలా హారిస్ ఇక్కడ చదివినవారే.

బ్యూరో 1872లో మూతపడింది. హోవార్డ్ మీద నిధుల దుర్వినియోగం ఆరోపణలు వచ్చాయి. 1870లో కాంగ్రెస్ విచారణలోను, 1874లో సైనిక విచారణలోను ఆయన నిర్దోషిగా తేలాడు. బ్యూరో మూతపడిన మరుసటి ఏడు, 1873లో మన దేశంలో మహాత్మా జోతిరావు ఫూలే తన 'గులాంగిరి' గ్రంథాన్ని బానిసత్వ నిర్మూలనకు పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. సముద్రానికి ఈవల ఆ విముక్తి ఆదర్శంగా కనబడుతున్న వేళకే, అక్కడ దాన్ని కాపాడవలసిన సంస్థ లేకుండా పోయింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
అ) 13, 15 నంబర్ల సర్క్యులర్ల మధ్య తేడా ఏమిటి?
ఆ) ఎడిస్టో, సెయింట్ హెలీనా దీవుల అనుభవాలు ఎందుకు భిన్నంగా ఉన్నాయి?

1.5 వల్లోవా లోయ: మళ్లీ అదే సమస్య

1872లో హోవార్డ్ అరిజోనాకు వెళ్లి, కొద్దిమంది తోడుతో అపాచీ నాయకుడు కొచీస్ ఉన్న కొండలకు చేరి శాంతి ఒప్పందం కుదుర్చుకున్నాడు. 1874లో వాయవ్య ప్రాంతపు సైనిక విభాగానికి అధిపతి అయ్యాడు. అక్కడ ఒరెగాన్‌లోని వల్లోవా లోయలో నెజ్ పెర్స్ తెగకు చెందిన చీఫ్ జోసెఫ్ బృందం నివసించేది. 1863 నాటి ఒప్పందం ఆ తెగ భూమిలో సుమారు తొమ్మిది వంతులు తీసేసుకుంది. జోసెఫ్ తండ్రి ఆ ఒప్పందం మీద సంతకం చేయలేదు. 1873లో అధ్యక్షుడు గ్రాంట్ ఒక ఉత్తర్వుతో లోయలో కొంత భాగాన్ని వారికి కేటాయించాడు. 1875లో మరో ఉత్తర్వుతో దాన్ని రద్దు చేశాడు. ఎడిస్టో కథ మీకు ఇక్కడ గుర్తు రావాలి.

ఆ లోయను జోసెఫ్ నుంచి తీసుకోవడం పెద్ద పొరపాటని హోవార్డ్ తన 1875 నివేదికలో ప్రభుత్వానికి రాశాడు. అయినా 1877 మేలో ఫోర్ట్ లాప్‌వాయ్ సభలో 30 రోజుల్లో లోయ ఖాళీ చేయాలని ఆజ్ఞ వినిపించింది ఆయనే. ఎదురు మాట్లాడిన పెద్ద తూహూల్‌హూల్‌జోటేను నిర్బంధించాడు. జూన్‌లో యుద్ధం మొదలైంది. స్త్రీలు, పిల్లలు, వృద్ధులతో కలిపి సుమారు 750 మంది నెజ్ పెర్స్‌లను సైన్యం 1,800 కిలోమీటర్లకు పైగా తరిమింది. అక్టోబరు 5న కెనడా సరిహద్దుకు దాదాపు 65 కిలోమీటర్ల దూరంలో బేర్ పా కొండల వద్ద జోసెఫ్ లొంగిపోయాడు. వారిని ఇడాహోకు తిరిగి పంపుతామని లొంగుబాటు సమయంలో మాట ఇచ్చారు. ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టి కాన్సాస్‌కు, అక్కడి నుంచి ఇండియన్ టెరిటరీకి తరలించింది. చాలామంది జ్వరాలతో చనిపోయారు. మిగిలినవారు 1885లో వాయవ్యానికి తిరిగి రాగలిగారు. జోసెఫ్‌కు మాత్రం 1904లో మరణించే వరకు వల్లోవాలో నివసించే అనుమతి దొరకలేదు.

1.6 చివరి దశ, మూల్యాంకనం

హోవార్డ్ 1881-82లో వెస్ట్ పాయింట్ సూపరింటెండెంట్‌గా పనిచేశాడు. 1894లో మేజర్ జనరల్‌గా పదవీ విరమణ చేశాడు. 1897లో టెన్నెసీ కొండ ప్రాంతపు పేద విద్యార్థుల కోసం లింకన్ మెమోరియల్ విశ్వవిద్యాలయ స్థాపనలో పాలుపంచుకున్నాడు. 1907లో ఆత్మకథ ప్రచురించాడు. 1909 అక్టోబరు 26న వెర్మాంట్‌లోని బర్లింగ్టన్‌లో మరణించాడు.

హోవార్డ్‌ను గురించి చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు. డబ్ల్యూ.ఇ.బి. డుబోయ్స్ 20వ శతాబ్ది ప్రారంభంలో బ్యూరో గురించి రాస్తూ దాని కష్టసాధ్యమైన పనిని, విద్యారంగంలో దాని కృషిని గుర్తించాడు. 1968లో విలియం మెక్‌ఫీలీ రాసిన గ్రంథం హోవార్డ్ పట్ల కఠినంగా ఉంది. విముక్తుల పక్షాన గట్టిగా నిలబడవలసిన సమయంలో ఆయన అధ్యక్షునికి లొంగిపోయాడన్నది ఆ విమర్శ.

ఈ పాఠం చెప్పినప్పుడల్లా విద్యార్థులు అడిగే ప్రశ్న ఒకటి ఉంది: ఆయన రాజీనామా చేయవచ్చు కదా? చేయవచ్చు. చేసి ఉంటే ఆయన స్థానంలో జాన్సన్‌కు అనుకూలుడైన మరొకరు వచ్చేవారు. బడులకు అందిన సహాయం కూడా అందకపోయేదేమో. హోవార్డ్ పక్షాన చెప్పగలిగిన బలమైన వాదన ఇదే. అయితే దీనికి ఎదురు వాదన కూడా ఉంది. శాక్స్‌టన్ సహకరించలేదు, పదవి పోగొట్టుకున్నాడు. ఆయన నిరాకరణ వల్ల భూమి నిలవలేదు కాని, విముక్తుల దృష్టిలో ప్రభుత్వపు మాట మీద గౌరవం కొంతైనా మిగిలింది. హోవార్డ్ ఎడిస్టోకు స్వయంగా వెళ్లడం వల్ల తీసుకోవడానికి కూడా ఒక మంచి మనిషి ముఖం దొరికింది. జాన్సన్ ఆయననే ఎందుకు పంపాడో ఆలోచించండి. అన్యాయమైన ఆజ్ఞను కఠినుడి చేత చెప్పిస్తే జనం తిరగబడతారు. నమ్మకం ఉన్నవాడి చేత చెప్పిస్తే పాట పాడి, లేఖ రాసి, ఎదురుచూస్తారు.

1893లో ప్రభుత్వం హోవార్డ్‌కు, శాక్స్‌టన్‌కు ఇద్దరికీ మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చింది. రెండూ 1862లో యుద్ధరంగంలో చూపిన సాహసానికే. 1865లో ఒకరు ఆజ్ఞ పాటించారు, మరొకరు పాటించలేదు. ఆ సంగతి ఏ పురస్కార పత్రంలోనూ లేదు. దాన్ని తూచవలసినది చరిత్ర విద్యార్థి.

1.7 సారాంశం

హోవార్డ్ అంతర్యుద్ధంలో గాయపడి, ఓడి, నేర్చుకుని, చివరికి ఒక సైన్యానికి అధిపతి అయ్యాడు. ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో కమిషనర్‌గా విముక్తులకు ఆహారం, వైద్యం, విద్య అందించడంలో గణనీయమైన కృషి చేశాడు. భూమి విషయంలో మాత్రం మొదట అధ్యక్షుని విధానాన్ని ఎదిరించి, తరవాత దాన్నే అమలు చేశాడు. వల్లోవా లోయ విషయంలోనూ తప్పని రాసి, ఆ తప్పునే ఆజ్ఞగా వినిపించాడు. సెయింట్ హెలీనాలో భూమి నిలవడానికి, ఎడిస్టోలో పోవడానికి మధ్య తేడా అధికారి మంచితనంలో లేదు, చట్టబద్ధమైన హక్కు పత్రంలో ఉంది. దయతో ఇచ్చినది దయ తప్పితే పోతుంది. హక్కుగా వచ్చినదాన్ని తీసుకోవాలంటే ఎంతటివారైనా న్యాయస్థానం గడప ఎక్కవలసిందే.

1.8 కీలక పదాలు

విముక్తులు: అంతర్యుద్ధ ఫలితంగా బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి ప్రజలు.
క్షమాభిక్ష ప్రకటన: తిరుగుబాటులో పాల్గొన్నవారికి శిక్ష తప్పించి, ఆస్తి హక్కులు పునరుద్ధరించే అధికారిక ప్రకటన.
పాలు సేద్యం: కూలికి బదులు పంటలో వాటా తీసుకుని ఇతరుల భూమి సాగు చేసే పద్ధతి.
కోర్: రెండు లేదా అంతకంటే ఎక్కువ డివిజన్లు కలిసిన సైనిక విభాగం.

1.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో సాధించిన ఫలితాలను, దాని పరిమితులను వివరించండి.
2. 'హోవార్డ్ తప్పని తెలిసిన ఆజ్ఞలను అమలు చేశాడు.' ఎడిస్టో, వల్లోవా ఘటనల ఆధారంగా చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. షెర్మన్ 15వ నంబరు ప్రత్యేక ఉత్తర్వు ప్రాధాన్యాన్ని తెలపండి.
2. ఎడిస్టో విముక్తుల లేఖలోని ముఖ్యాంశాలు రాయండి.
3. హోవార్డ్, శాక్స్‌టన్‌ల వైఖరులను పోల్చండి.